సాంచాలు ఆగిన వారం

మా ఆయన గొంతు సూరత్‌లోని పాండేసరలో మా సందుకంతటికీ తెలుసు. మా ఇంట్లో ఆ పూట ఏం కూర వండానో, అందులో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో పక్కింటి ఒడియా వాళ్లకు కూడా తెలిసిపోయేది, పాపం వాళ్లకు తెలుగు రాకపోయినా. పొద్దున్నే ఫోనులో సిరిసిల్లలోని వాళ్ల అన్నతో మాట్లాడుతుంటే, "ఫోనెందుకయ్యా దండగ, కిటికీ తెరిచి మాట్లాడు, సిరిసిల్లకు వినవడ్తది" అనేదాన్ని. ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు మాటకంటే పెద్దది. పెళ్లయిన ఇన్నేళ్లలో "ఏమన్నవ్?" అని ఆయన్ని రెండోసారి అడిగే అవసరం నాకు ఒక్కసారి కూడా రాలేదు.

ఆయన పేరు చలపతి. యాభై దాటాయి. సాంచాల మేస్త్రీ. సాంచాలంటే మరమగ్గాలు. సిరిసిల్లలో అదే మాట, సూరత్‌లోనూ కాస్త అటూ ఇటూగా అదే మాట. అందుకే ఊరు మారినా తనకు పెద్దగా తేడా తెలియలేదంటాడు. నా పేరు సూర్యకుమారి. ఇక్కడి మున్సిపాలిటీ వాళ్ల తెలుగు బడిలో టీచర్ని. సూరత్‌లో తెలుగు బడేమిటని అడిగేవాళ్లు ఒకసారి మా వైపు వచ్చి చూడాలి. మా బళ్లో పిల్లలు తెలుగులో పద్యం అప్పజెప్పి, హిందీలో కొట్లాడుకుని, గుజరాతీలో ఐస్‌గోలా కొనుక్కుంటారు.

మీసాలు రాని వయసులో మేనమామ వెంట రైలెక్కి వచ్చాడు మా ఆయన. ముందు బాబిన్లు చుట్టాడు, తరువాత సాంచా నడిపాడు, ఆ తరువాత సాంచాలు బాగుచేయడం నేర్చాడు. చెడిపోయిన సాంచా దగ్గర నిలబడి కాసేపు వింటాడు, నట్టు ఎక్కడ వదులైందో చెప్పేస్తాడు. ఆ చప్పుడులో వినడం ఎలాగో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. అరవడం ఆయన స్వభావం కాదు, వృత్తి. ఇంటికొచ్చాక కూడా డ్యూటీ దిగడు, అంతే.

కార్ఖానాలో సాంచాలన్నీ నడుస్తుంటే పక్కనున్న మనిషి చెవిలో అరిచినా సగమే చేరుతుంది. అందుకని అక్కడివాళ్లకు రెండు విద్యలు వస్తాయి. ఒకటి గొంతు పెంచడం. రెండోది అసలు గొంతే లేకుండా పెదవులతో మాట్లాడటం. మాటని పెద్దగా, విడివిడిగా పెదవుల మీద పలికితే అంత దూరంలో ఉన్నవాడు చదివేసుకుంటాడు. పెళ్లైన కొత్తలో టిఫిన్ డబ్బా తీసుకుపోయి నేనూ నేర్చుకున్నాను. గుమ్మం దగ్గర నిలబడి కొంగు విదిలిస్తే ఆయన చూసేవాడు. ఇక ఇద్దరం ఎంతసేపైనా మాట్లాడుకునేవాళ్లం. ఒకసారి ఏదో కోపం మీద ఆ గుమ్మంలోంచే పెదవులతో కడుపునిండా తిట్టాను. తిట్టి చూద్దును కదా, సాంచాల మధ్య నిలబడ్డ వాళ్లందరూ నవ్వుతున్నారు. అందరికీ చదవడం వచ్చు కదా! ఆ రోజు నుంచి తిట్లు ఇంటికే దాచుకున్నాను.

ఆ కార్ఖానా మేడ మీది హాల్లోనే మా తెలుగు సంఘం ఆరాధనకు కూడుతుంది. మేస్త్రీ మొహం చూసి సేఠ్ ఇచ్చిన హాలు అది. కింద సాంచాలు, మీద ప్రార్థన. ఆదివారమైనా సాంచాలు ఆగవు. పాస్టరు గారు వాక్యం చెబుతుంటే కాళ్ల కింద నేల సన్నగా అదురుతూనే ఉంటుంది. ఏళ్ల తరబడి అలవాటై, ఆ చప్పుడు మాకు వినపడటమే మానేసింది.

ఆ హాల్లో పాట ఎత్తేది మా ఆయనే. పేరేమో చలపతి, పాడేదేమో యేసు పాట అని ఎవరైనా ఆటపట్టిస్తే, "పేరు మా అవ్వ పెట్టింది, పాట నేను పెట్టుకున్న" అంటాడు. పెళ్లి పాటైనా, సమాధి దగ్గర పాటైనా ఆయనే. ఒక క్రిస్మస్ సభలో మైకు చెడిపోతే దాన్ని పక్కకు జరిపి పాడాడు. మైదానం చివర పానీపూరీ బండి అతను కూడా తల ఊపాడట. ఈ "ఊపాడట" మాత్రం ఆయన చెప్పిందే, నేను చూడలేదు.

ఇలా ఉండగా ఈ వేసవిలో శ్రీప్రియ ఒక కొత్త పాట తెచ్చింది. శ్రీప్రియ మా మరిది కూతురు. ఇక్కడే పుట్టింది, నర్సింగు చదువుతోంది. మా యువజన గాయక బృందానికి అదే పెద్ద. నాసిక్‌లో ఏదో ధ్యాన శిబిరానికి వెళ్లి వచ్చి, అక్కడ నేర్చుకున్న తీరులో తెలుగులో సొంతంగా ఒక ధ్యాన గీతం కట్టింది. పాటంతా కలిపి ఒక్కటే వాక్యం: "నిమ్మళించు నా మనసా, ప్రభువు నీ దగ్గరే ఉన్నాడు." దాన్నే మెల్లగా మళ్లీ మళ్లీ పాడతారు. ఢోలక్ లేదు, చప్పట్లు లేవు. పాడగా పాడగా మాట లోపలికి దిగుతుందట. చివర అందరూ ఆపేసి మౌనంగా కూర్చుంటారు. ఆ మౌనం కూడా పాటలో భాగమేనట.

మొదటిసారి విని మా ఆయన నోరు వెళ్లబెట్టాడు.

"గిదేం పాటనే బిడ్డా? అన్నదే అనుడు, అన్నదే అనుడు. ముందుకు పోదేంది?"

"ముందుకు పోవుడు కాదు పెద్దబాపూ, లోపలికి పోవుడు" అంది శ్రీప్రియ.

"లోపలికి పోతే బయటున్నోళ్లకేం వినవడ్తది? జర గట్టిగ పాడుండ్రి. దేవునికి వినవడాలె గద!"

"దేవుడు బహిరా కాదు పెద్దబాపూ, చెవులు మంచిగనే వినవడ్తయి."

ఆ మాటకు హాలంతా నవ్వింది. ఆయనా నవ్వాడు కానీ, కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. ఆ తరువాత ఆదివారాల్లో ఆరాధన అయ్యాక పిల్లలు ఆ పాట సాధన చేస్తుంటే ఆయన కిందికి దిగి చాయ్ తాగడానికి పోయేవాడు. "నిద్రొస్తదే టీచరమ్మా నాకు" అనేవాడు. నాకు మాత్రం నచ్చింది. వారమంతా బళ్లో పిల్లల అల్లరి వినేదాన్ని, ఎవరో తల నిమిరినట్టు ఉండేది.

దసరా ముందు ఆయన గొంతు బొంగురుపోయింది. శొంఠి నమిలాడు, పసుపు పాలు తాగాడు, ఉప్పు నీళ్లు పుక్కిలించాడు, ఆదివారం మళ్లీ పాడాడు. రాను రాను పై స్వరం అందుకోబోయి గాలి మాత్రమే వచ్చేది. ఇంట్లో కూర సంగతి పక్కింటికి తెలియడం ఆగిపోయింది. పక్కింటి ఒడియా ఆవిడ నన్నాపి, "భాయ్‌సాబ్ ఊళ్లో లేరా?" అని అడిగింది. అప్పుడు నాకు భయమేసింది. చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను.

చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరు భానుప్రకాశ్ గారిది గోదావరి వైపు. సూరత్ వచ్చి రెండేళ్లే అయింది. తెలుగులో జబ్బు చెప్పుకోవచ్చని మావాళ్లంతా ఆయన దగ్గరికే పోతారు. గొట్టం పెట్టి చూశాడు, మళ్లీ చూశాడు.

"లోపల చిన్న గడ్డుందండి. తీసేసి పరీక్షకు పంపుదాం. ఎక్కువగా ఇలాంటివి మామూలువే అవుతాయండి. కానీ పరీక్ష చెయ్యకుండా నేను మాటివ్వలేను" అన్నాడు. తరువాత, "తంబాకు అలవాటుందా?" అని అడిగాడు.

"విడిచిపెట్టి శానేండ్లాయె సార్" అన్నాడు మా ఆయన. విడిచిపెట్టింది నిజమే. అంతకుముందు నమిలింది కూడా నిజమే. డాక్టరు అది చీటీ మీద రాసుకున్నాడు. ఆ రాసుకోవడమే నాకు గుచ్చుకుంది.

దీపావళికి ముందే గడ్డ తీసేశారు. రిపోర్టు వచ్చి తను చెప్పేదాకా ఒక్క మాట కూడా మాట్లాడవద్దన్నాడు డాక్టరు. "గుసగుస అసలే వద్దండీ, అది అరుపు కంటే చేటు" అన్నాడు. రిపోర్టు ఎప్పుడొస్తుందని అడిగితే చేతులెత్తేశాడు. సూరత్ సంగతి తెలిసిందే. దీపావళికి మూతపడ్డ ఊరు మళ్లీ తెరుచుకునేది లాభ్ పాంచమ్‌కే, అంటే కార్తీక శుద్ధ పంచమికి. కార్ఖానాలు, బట్టల మార్కెట్లు, దుకాణాలు అన్నీ బంద్. గడ్డ పంపిన ల్యాబుకూ అదే వెకేషన్. జబ్బుకు సెలవు లేదు కానీ, జబ్బేమిటో చెప్పేవాళ్లకు ఉంది. ఎవర్ని తిట్టుకోవాలో తెలియక గోడ మీది క్యాలెండర్ని తిట్టుకున్నాను.

అలా ఆ వారం మా సందులో రెండూ ఒకేసారి ఆగిపోయాయి, సాంచాలూ, మా ఆయన గొంతూ. పటాకుల గోల రెండు రోజుల్లో సద్దుమణిగింది. తరువాత ఎంత నిశ్శబ్దమంటే, ఎదురింట్లో కుక్కరు విజిల్ వేస్తే నేను ఉలిక్కిపడి మా పొయ్యి కట్టేసేదాన్ని. బడి నుంచి ఒక పలక తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. దాన్ని మంచం కిందికి తోసేశాడు. ఆయనకు పలకెందుకు? కార్ఖానా భాష ఉంది కదా. పెదవులతో చాయ్ అడిగేవాడు, పెదవులతో చక్కెర తక్కువైందనేవాడు. ఇద్దరం సాంచాలు లేని ఇంట్లో సాంచాల మధ్య మాట్లాడుకున్నట్టు మాట్లాడుకున్నాం. బయటికి మామూలుగానే ఉన్నాడు. జోకులు కూడా వేసేవాడు. చప్పుడు లేకుండా నవ్వుతుంటే మాత్రం నాకు చూడబుద్ధి కాలేదు.

ఒక సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తుంటే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. పెదవులు కదిలించాడు. "గొంతు పోతే నేనెవర్నే?" అని చదువుకున్నాను. "మేస్త్రీవి" అన్నాను. అది జవాబు కాదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. బట్టలు తీసుకుని ఇద్దరం కిందికి దిగాం. మనిషి ఉంటే చాలు దేవుడా, గొంతు నువ్వే ఉంచుకో అని ఆ రోజు ప్రార్థన చేసుకున్నాను. మరుసటి రోజు మళ్లీ, గొంతు కూడా ఇవ్వమని చేసుకున్నాను. ఆశ ఎక్కడ ఆగుతుంది?

ఆ వారమే పిల్లలు పాట రికార్డు చేయాలనుకున్నారు. వడోదరలో జరిగే యువజన కూడికకు పంపాలట. గడువు లాభ్ పాంచమ్ సాయంత్రం. ప్రజ్వల్ అని మా సంఘం కుర్రాడు పెళ్లి వీడియోలు తీస్తాడు. మైకులు, రికార్డరు అన్నీ అతని దగ్గరే ఉన్నాయి. ప్లానూ అతనిదే.

"వెకేషన్ల సాంచాలు బంద్ ఉంటయి ఆంటీ. ఏక్‌దమ్ శాంతి. సూరత్‌ల ఇంతకంటే పెద్ద స్టూడియో దొరకది" అన్నాడు.

వినడానికి ఎంత బాగుందో! నేనూ సరేనన్నాను. మా ఆయన్ని ఇంట్లో ఒక్కణ్నే వదలడం ఇష్టం లేక వెంట తీసుకుపోయాను. వెనక బెంచీలో కూర్చున్నాడు. ప్రజ్వల్ నేల మీద జంఖానాలు పరిచాడు, మధ్యలో మైకులు పెట్టాడు. పిల్లలు చుట్టూ గుండ్రంగా కూర్చున్నారు. శ్రీప్రియ ఎత్తుకుంది.

మొదట బాగానే ఉంది. నాలుగైదు సార్లు తిరిగేసరికి పాట పరుగు మొదలుపెట్టింది. ఇంకాసేపటికి పెళ్లి ఊరేగింపుకు సరిపోయేంత జోరు వచ్చింది. శ్రీప్రియ చెయ్యెత్తి ఆపింది. మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి పరుగు రాకూడదని అందరూ వెనక్కి లాగారు. పాట నడుం పట్టేసిన ముసలమ్మలా ఈడ్చుకుంటూ ఒక్కొక్కరి దగ్గర ఒక్కో చోట ఆగింది. హారతి అనే అమ్మాయి మధ్యలో తన గొంతు తనకే వినపడి, బెదిరి నోరు మూసేసుకుంది.

"ఏమైంది హారతీ?" అన్నాను.

"నా వాయిస్ గిట్లుంటదని నాకు తెల్వదు టీచర్" అంది బిక్కమొహం వేసుకుని.

ప్రజ్వల్ ఫోనులో టిక్కు టిక్కుమనే తాళం పెట్టి అందరి చెవుల్లో తీగలు తగిలించాడు. తాళం కుదిరింది. పాట మాత్రం మా బడిలో డ్రిల్లు చేయించినట్టు వచ్చింది. ధ్యానం చేద్దామని కూర్చున్న దేవుడు కూడా లేచి నిలబడేట్టు ఉంది. వారమంతా ఇదే తంతు. నెలల తరబడి అంత చక్కగా పాడిన పిల్లలు ఇప్పుడెందుకు పాడలేకపోతున్నారో ఎవరికీ అర్థం కాలేదు. దిష్టి తగిలిందని ఒకరు, ప్రార్థన తక్కువైందని ఒకరు. శ్రీప్రియ ఏడవలేక కోపం తెచ్చుకుంది. మా ఆయన వెనక బెంచీలో కిటికీ వైపు చూస్తూ కూర్చునేవాడు. ఆయన మనసు ఆ పాట మీద లేదని నాకు తెలుసు.

లాభ్ పాంచమ్ వచ్చింది. పొద్దున ముహూర్తానికి సేఠ్ కార్ఖానాలో పూజ చేయించి మొదటి సాంచా మా ఆయన చేతనే నడిపిస్తాడు. ఏటా అంతే. మేస్త్రీ చెయ్యి మంచిదని ఆయన నమ్మకం. మా ఆయన ఉతికిన చొక్కా తొడుక్కుని కిందికి పోయాడు. నేను మేడ మీదికి పోయాను. సాంచాలు మొదలయ్యే లోపు చివరి ప్రయత్నం చేద్దామని పిల్లలు చీకటితోనే వచ్చి కూర్చున్నారు. ఆ ప్రయత్నమూ మట్టిలో కలిసింది. నా చేతిలో ఫోను ఉంది. ల్యాబు కూడా ఈ రోజే తెరుస్తారు. ఫోను మోగకుండా పెట్టి, నిమిషానికోసారి చూసుకుంటున్నాను.

కింద ఒక సాంచా కదిలింది. తరువాత ఇంకొకటి. కాసేపటికి అన్నీ అందుకున్నాయి. నేల సన్నగా అదరడం మొదలుపెట్టింది.

"అయిపోయింది. ఖతమ్" అన్నాడు ప్రజ్వల్. వైర్లు చుట్టడానికి లేచాడు.

అందరి మొహాలూ వాడిపోయాయి. అలా కూర్చునే హారతి తనకు తెలియకుండానే సన్నగా పాట కూనిరాగం తీసింది. మనసు తట్టుకోలేనప్పుడు ఏదో ఒకటి పాడుకుంటాం చూడండి, అలా. పక్కనున్న అమ్మాయి కలిసింది. ఇంకొకడు కలిశాడు. ఒక్కొక్కరే కలుస్తూ పోయారు. పాట పరుగెత్తలేదు. ఈడ్చుకోలేదు. ఎక్కడ అడుగు వేయాలో తెలిసిన మనిషిలా నెమ్మదిగా నడిచింది. అప్పుడు చూశాను, అందరి మోకాళ్లూ నేల అదురుకు సరిగ్గా కదులుతున్నాయి. ఈ పిల్లలందరూ సాంచాల పక్కన పుట్టినవాళ్లు. ఈ పాట నేర్చుకున్నదీ సాంచాల మీదే. తాళం వేసే మనిషికి సెలవిచ్చి పంపేసి, పాట ఎందుకు కుదరడం లేదని వారమంతా తలలు పట్టుకున్నాం!

శ్రీప్రియకు కూడా అదే తట్టినట్టుంది. పాట సాగుతుండగానే ప్రజ్వల్ వైపు చూసి, పెదవులతో "రికార్డు నొక్కు" అంది. అతను కిందికి వేలు చూపించి తల అడ్డంగా ఊపాడు, చప్పుడు అని. "ఉండనీ" అంది శ్రీప్రియ పెదవులు. ప్రజ్వల్ కిటికీలు మూశాడు, మైకులు కాస్త దగ్గరికి జరిపాడు, నొక్కాడు.

అంతలో మా ఆయన మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో సేఠ్ ఇచ్చిన దూద్‌పేడాల పొట్లం. లోపలికి రాకుండా అక్కడే ఆగి వినసాగాడు. నిద్రొస్తుందని చాయ్‌కి పారిపోయిన మనిషి, కళ్లార్పకుండా వింటున్నాడు. నేను ఇవతలి కిటికీ దగ్గర ఉన్నాను. మా మధ్యలో పిల్లలు, మైకులు.

నా చేతిలో ఫోను వణికింది.

డాక్టరు గారి మెసేజ్. చదవడానికి కళ్లు నిలవలేదు. గోడకు ఆనుకుని చదివాను. "సూర్యకుమారి గారూ, రిపోర్టు వచ్చిందండి. క్యాన్సర్ కాదు. మామూలు గడ్డే. ఇవాళ్టి నుంచి మాట్లాడవచ్చు. కానీ మెల్లగా. మెల్లగా మాత్రమే."

మళ్లీ చదివాను. "కాదు" అనే మాట దగ్గరే కాసేపు ఉండిపోయాను. కేక పెట్టాలనిపించింది. మైకులు నడుస్తున్నాయి. చేత్తో నోరు మూసుకున్నాను. మా ఆయనేమో పిల్లల్ని చూస్తున్నాడు, నన్ను చూడడం లేదు. నడిచి పోదామంటే మధ్యలో అంతా వైర్లు. అప్పుడు కొంగు విదిలించాను. పాత అలవాటు ఎక్కడికి పోతుంది, వెంటనే తలెత్తాడు.

"ఏం లేదంట" అన్నాను పెదవులతో.

ఆయన కనుబొమలు ముడిచాడు.

"రిపోర్టు. వచ్చింది. ఏం లేదంట. గా రోగం కాదంట" అన్నాను, ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి.

"నిజంగనా?" అన్నాయి ఆయన పెదవులు.

"నిజం. మాట్లాడొచ్చంట. మెల్లగ."

ఈ భాష చదవడం పిల్లలకూ వచ్చునన్న సంగతి నేను మళ్లీ మరిచిపోయాను. గుండ్రంగా కూర్చున్న పిల్లల్లో నావైపు మొహం ఉన్నవాళ్లంతా చదివేశారు. శ్రీప్రియ కళ్లు నిండాయి. హారతి పాడుతూనే పెద్దగా నవ్వింది. అయినా ఒక్కరు కూడా పాట ఆపలేదు. ఆ క్షణంలో పాట కొంచెం వెచ్చబడింది, అంతే. ఇప్పుడు రికార్డింగు వింటే ఆ చోటు నాకు తెలుస్తుంది.

మా ఆయన గుమ్మంలోనే మెట్టు మీద కూలబడ్డాడు. పొట్లం ఒళ్లో పెట్టుకున్నాడు. మొహం చేతుల్లో దాచుకుంటాడేమో అనుకున్నాను. లేదు. నోరు తెరిచాడు.

"నిమ్మళించు నా మనసా..."

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. పాండేసరకు తెలిసిన గొంతు కాదది. కింది స్వరంలో, ఇంకా కొంచెం గరుకుగా, పక్కవాళ్ల నిద్ర చెడగొట్టకుండా మాట్లాడుకున్నట్టు ఉంది. సాంచాల చప్పుడుకు పైన కాదు, పిల్లల పాటకు పైన కాదు, రెండింటికీ మధ్యలో ఎక్కడో చోటు వెతుక్కుని అక్కడ కూర్చుంది. ఆ వాక్యాన్ని అన్నదే అన్నాడు. మళ్లీ అన్నాడు. ముందుకు పోదేమని అడగలేదు. నాకు ఏడుపు ఆగలేదు. వారమంతా బిగపట్టుకున్నదంతా అప్పుడు వచ్చింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

పాట ఆగింది. ఇక మౌనం. అది కూడా పాటలో భాగమే కాబట్టి ప్రజ్వల్ రికార్డరు ఆపలేదు. అందరూ కళ్లు మూసుకుని కూర్చున్నారు. కింద సాంచాలు నడుస్తున్నాయి. మా ఆయన లేచి, గోడవారగా, వైర్లు తొక్కకుండా నా దగ్గరికి వచ్చాడు. పొట్లం విప్పి ఒక పేడా నా చేతిలో పెట్టాడు. ఏదో అన్నాడు.

నాకు వినపడలేదు.

"ఆఁ? ఏమన్నవ్?" అన్నాను, నా టీచరు గొంతుతో, ఆ మౌనంలో.

హాలంతా ఘొల్లుమంది. పాస్టరు గారు చూసి ఉంటే ఏమనేవారో గానీ, శ్రీప్రియ జంఖానా మీద దొర్లి నవ్వింది. ప్రజ్వల్ తల పట్టుకున్నాడు. వడోదరకు పంపేటప్పుడు అతను ఆ చివరి ముక్క కత్తిరించాడు. మధ్యలో కలిసిన గొంతును కూడా తీసేద్దామా అని అడిగితే మాత్రం శ్రీప్రియ ఒప్పుకోలేదు. మాకిచ్చిన కాపీలో అన్నీ ఉన్నాయి, సాంచాలు, పాట, ఆయన గొంతు, చివర నా అరుపు.

"తీపి తిను టీచరమ్మా" అన్నాడట. మళ్లీ అడిగితే చెప్పాడు, అంతే మెల్లగా.